గింజల కాపరి వావిలోవ్

కిందటేడు పొట్లం కట్టి అట్టేపెట్టిన ఉల్లి విత్తులు ఈ ఏడు మడిలో జల్లితే సగం కూడా మొలవవు. అదే డబ్బాలో పక్కనే పడున్న బీర గింజలు మూడేళ్ల తర్వాత పాతినా నిక్షేపంలా మొలుస్తాయి. పెరడు పెంచే ఇల్లాళ్లందరికీ ఇది అనుభవమే. ఎండి గలగలలాడుతున్నా గింజ చచ్చిపోయినట్టు కాదు. లోపల ప్రాణం ఉంటుంది. అయితే ఎన్నాళ్లు? ఒక్కో గింజకు ఒక్కో ఆయుష్షు. మన అమ్మమ్మలు విత్తులను ఎండబెట్టి, బూడిదో వేపాకో కలిపి, కుండలో పోసి మూతికి మట్టి మెత్తేవారంటే అది తేమనూ పురుగునూ దూరంగా ఉంచి ఆ ఆయుష్షును మరికాస్త పొడిగించడానికే.

ఆ అమ్మమ్మల పనినే ప్రపంచంలోని పంటలన్నిటి కోసం తలకెత్తుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు నికొలాయ్ వావిలోవ్. 1887 నవంబరులో మాస్కోలో పుట్టాడు. తండ్రి పల్లెటూరి రైతు కుటుంబం నుంచి వచ్చి బట్టల వ్యాపారంలో పైకొచ్చినవాడు. తమ్ముడు సెర్గేయ్ పెద్ద భౌతిక శాస్త్రజ్ఞుడయ్యాడు. నికొలాయ్‌కి నాలుగేళ్లప్పుడు రష్యాలో భయంకరమైన కరువు వచ్చింది. ఆయన వ్యవసాయ శాస్త్రం చదివి, ఇంగ్లండు వెళ్లి వంశపారంపర్య శాస్త్రం నేర్చుకుని, 1917లో వోల్గా నది ఒడ్డునున్న సరాతోవ్‌లో ప్రొఫెసరుగా చేరాడు. ఈ ఊరు పేరు కాస్త గుర్తుంచుకోండి.

సరాతోవ్‌లో ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయి ఎలీనా బారులినా. మసూర్ పప్పు... అదే, మనం ఎర్రపప్పు అంటామే, ఆ పంట మీద పరిశోధన ఆమెది. 1930లో దాని గురించి పెద్ద గ్రంథమే రాసింది. వావిలోవ్‌కి అప్పటికే పెళ్లయి ఒక కొడుకు. ఆ కాపురం నిలవలేదు. తర్వాత ఎలీనాను చేసుకున్నాడు. 1928లో వాళ్లకు యూరీ పుట్టాడు.

1921లో వావిలోవ్ పెట్రోగ్రాడ్ వెళ్లి అక్కడి వృక్షశాస్త్ర విభాగం బాధ్యత తీసుకున్నాడు. తర్వాత లెనిన్‌గ్రాడ్ అని పేరు మారిన నగరం ఇదే. అదే ఏడు వోల్గా ప్రాంతంలో మళ్లీ కరువు. లక్షల మంది ఆకలితో పోయారు. చలికీ తెగులుకూ వానలేమికీ తట్టుకునే పంటలు కావాలంటే, వాటి గుణాలున్న నాటు రకాలు ముందు చేతిలో ఉండాలి కదా. అందుకని మనిషి బయల్దేరాడు. 1924లో అఫ్ఘనిస్తాన్, 1926-27లో మధ్యధరా దేశాలూ ఇథియోపియా, 1929లో చైనా, జపాన్, కొరియా, ఆ తర్వాత దక్షిణ అమెరికా. గుర్రాల మీదా, కంచరగాడిదల మీదా, కాలినడకనా. రోజుకు నాలుగైదు గంటలకు మించి నిద్రపోయేవాడు కాదట. సంతల్లో, కళ్లాల్లో, పల్లె గాదెల దగ్గర గుప్పెడు గుప్పెడు గింజలు సేకరించాడు. ఒక పంటలో ఎక్కువ వైవిధ్యం ఎక్కడ కనిపిస్తే ఆ పంట పుట్టిల్లు అదేనని ఒక సిద్ధాంతం చేశాడు. అలాంటి పుట్టిళ్లలో మన దేశాన్నీ లెక్కవేశాడు. 1940 నాటికి ఆయన సంస్థలో పోగుపడిన నమూనాలు సుమారు రెండున్నర లక్షలు!

సరే, ఇన్ని గింజలు తెచ్చిపెట్టారు. దాచడం ఎలా? అసలు చిక్కంతా ఇక్కడే. ఇప్పటిలా గడ్డకట్టించే గదులు అప్పట్లో ఆ సంస్థలో లేవు. రేకు డబ్బాల్లో పోసి, చీటీలు అంటించి, మామూలు గదుల్లో బీరువాల్లో పెట్టేవారు. అలా పెట్టిన గింజ కొన్నేళ్లకు మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. అందులోనూ వేరుశనగలాంటి నూనె గింజలు తొందరగా ముక్కిపోతాయి. అందుకని ప్రతి నమూనానూ కొన్నేళ్లకోసారి బయటకు తీసి, పొలంలో విత్తి, పండించి, ఆ కొత్త గింజను మళ్లీ డబ్బాలోకి చేర్చాలి. పక్క రకం పుప్పొడి తగిలిందా, రకం కల్తీ! చలిదేశపు బార్లీని ఒకచోట, వేడిదేశపు జొన్నను ఇంకోచోట పండించాలి. దాని కోసమే వావిలోవ్ దేశం నలుమూలలా ప్రయోగ క్షేత్రాలు పెట్టించాడు. విత్తనాల బ్యాంకు అనగానే డబ్బు దాచి తాళం వేసినట్టు అనుకుంటాం గానీ, ఇది వేసిన తాళం తీస్తూనే ఉండాల్సిన బ్యాంకన్నమాట.

ఈ ఆయుష్షుకు ఒక లెక్క తర్వాతి కాలంలో దొరికింది. హారింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పిన ఉజ్జాయింపు సూత్రం ప్రకారం గింజలో తేమ 1 శాతం తగ్గితే దాని జీవితకాలం రెట్టింపవుతుంది. చుట్టూ వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపే. అంటే 13 శాతం తేమ ఉన్న గింజను 8 శాతానికి ఆరబెడితే 32 రెట్లు! అందుకే ఇప్పటి బ్యాంకుల్లో విత్తులను బాగా ఆరబెట్టి, గాలి చొరని పొట్లాల్లో పెట్టి, మైనస్ 18 డిగ్రీల దగ్గర దాస్తారు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తులను మైనస్ 20 డిగ్రీల చలిలో దాచేది ఈ పద్ధతిలోనే. పంటను బట్టి ఇలా పదుల ఏళ్లు, కొన్నయితే వందేళ్ల పైన కూడా నిలుస్తాయి. అయినా మధ్యమధ్య కొన్ని గింజలు తీసి తడిగుడ్డలోనో తడికాగితంలోనో మొలకకట్టి చూస్తారు. మొదట్లో నూరు మొలిచిన చోట ఎనభై అయిదు కంటే తగ్గాయంటే మళ్లీ పొలానికి పంపాల్సిందే. మామిడి టెంక, పనస గింజ, కొబ్బరికాయ లాంటివి మాత్రం ఈ లెక్కకు లొంగవు. ఎండబెడితే చచ్చిపోతాయి.

ఇక వావిలోవ్ కథలోకి వస్తే... 1930లలో లైసెంకో అనే ఆయన జన్యువులూ గిన్యువులూ అన్నీ ఒట్టిదేనని వాదించి స్టాలిన్ ప్రాపకం సంపాదించాడు. ఒకప్పుడు అతన్ని ప్రోత్సహించినవాళ్లలో వావిలోవ్ కూడా ఉన్నాడు, పాపం! అభిప్రాయం మార్చుకోనన్నందుకు ఆయన మీద గూఢచారి అనీ, సేద్యాన్ని నాశనం చేశాడనీ నేరాలు మోపారు. 1940 ఆగస్టు 6న ఉక్రెయిన్‌లో మొక్కలు సేకరిస్తూ ఉండగానే పట్టుకుపోయారు. నెలల తరబడి విచారణలు. 1941 జులైలో మరణశిక్ష వేసి, తర్వాత 20 ఏళ్ల జైలుగా మార్చారు.

ఆ సెప్టెంబరులోనే జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించింది. ఆ దిగ్బంధం 872 రోజులు నడిచింది. చలికాలానికల్లా మామూలు పౌరుడికి రోజుకు 125 గ్రాముల రొట్టె. అందులోనూ పిండి కొంతే. సంస్థ భవనంలో మాత్రం బియ్యం, గోధుమలు, ఓట్లు, పప్పులు, వేరుశనగలు! కాపలా కాస్తున్నది ఆకలితో నకనకలాడే సిబ్బంది. డబ్బాలను ఎలుకలు కింద పడదోసి మూతలు ఊడగొడుతుంటే, నాలుగేసి కలిపి తాళ్లతో కట్టారు. బంగాళాదుంపలది మరీ కష్టం. అది గింజ కాదు, దుంప. గడ్డకడితే కుళ్లిపోతుంది, ఏటా నాటకపోతే రకమే పోతుంది. ఫిరంగులు పేలుతుండగానే పొలం నుంచి తవ్వి తెచ్చిన దుంపలను ఓల్గా వోస్క్రెసెన్‌స్కయా, ఆమె సహచరులూ నేలమాళిగలో పెట్టి, దొరికిన చెక్కముక్కల్లా కాల్చి వెచ్చగా ఉంచారు. 1942 వసంతంలో నగరం అంచున నాటారు కూడా.

అందరూ బతకలేదు. వేరుశనగల బాధ్యుడు అలెగ్జాండర్ ష్చూకిన్ తన బల్ల దగ్గరే కూలిపోయాడు. వరి రకాలు చూసే ద్మీత్రి ఇవానోవ్ వేల కొద్దీ బియ్యం పొట్లాల మధ్య ఆకలితో పోయాడు. ఓట్లను కాపాడిన లిలియా రోదినా కూడా అంతే. ఎంత కరువొచ్చినా విత్తుల కుండ ముట్టుకోని ఇల్లాళ్లు మన పల్లెల్లో ఉండేవారని వింటాం. వీళ్ల ముందున్నది ఒక ఇంటి కుండ కాదు.

ఇదంతా వావిలోవ్‌కి తెలిసే దారి లేదు. 1941 అక్టోబరులో ఆయన్ను మాస్కో నుంచి జైలు మార్చారు. ఎక్కడికనుకున్నారు? సరాతోవ్‌కే! తను పాఠాలు చెప్పిన ఊరికి. కిటికీ కూడా సరిగా లేని ఇరుకు గదిలో తోటి ఖైదీలకు అక్కడా పాఠాలు చెప్పాడు.

యుద్ధం వల్ల ఎలీనా కూడా కొడుకును తీసుకుని పుట్టింటివాళ్లున్న సరాతోవ్‌కే చేరింది. భర్త మాస్కో జైల్లోనే ఉన్నాడని ఆమె నమ్మకం. తమకే తిండి కరువైన రోజుల్లో, ఉన్నదాంట్లోంచి మిగిల్చి పొట్లాలు కట్టి మాస్కోకి పంపేది. ఆయనున్న జైలు ఆమె ఉంటున్న ఇంటికి నాలుగు వీధుల దూరం. 1943 జనవరి 26న, లోకానికి తిండి పెట్టాలని గింజలు ఏరిన ఆ మనిషి అక్కడే ఆకలితో చచ్చిపోయాడు. అందరితో పాటు ఒకే గోతిలో పూడ్చేశారు.

1955లో ఆయన నిర్దోషి అని ప్రభుత్వం ఒప్పుకుంది. 1967లో సంస్థకు ఆయన పేరు పెట్టారు. ఆ ముట్టడి గడిపిన గింజల సంతతి ఇప్పటికీ అక్కడ విత్తుతూ, కోస్తూ, మళ్లీ దాస్తూనే ఉన్నారు. ఎలీనా ఆరోగ్యం పాడయినా చివరి సంవత్సరాలు భర్త రాతప్రతులు సర్దడంలోనే గడిపింది. ఐదు ఖండాల్లో ఆయన తిరిగిన యాత్రల పుస్తకం 1962లో అచ్చయింది. ఆమె 1957లోనే కన్నుమూసింది.