మూగజీవాల కోసం చెరసాలకు వెళ్లిన పాదిరి

మందస నుంచి పలాస, టెక్కలి వైపు వెళ్లే మన విశ్వాసులకు, లారీల్లో ఊపిరాడకుండా కుక్కిన పశువులు కనబడుతూనే ఉంటాయి. అవి చూసినప్పుడల్లా మాకు ఆర్థర్ బ్రూమ్ గారు గుర్తొస్తారు.

ఆయన లండన్‌లో ఆంగ్లికన్ పాదిరి. పశువులను హింసించడం నేరమని 1822లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది గానీ, పట్టించుకునే నాథుడు లేడు. బ్రూమ్ గారు సొంత డబ్బుతో మనుషులను పెట్టి స్మిత్‌ఫీల్డ్ పశువుల సంతను కనిపెట్టి చూడమన్నారు. 1824 జూన్ 16న ఒక కాఫీ హోటల్లో కొందరిని కూడగట్టి జంతుహింస నివారణ సొసైటీని స్థాపించారు. బానిసత్వంపై పోరాడిన విల్బర్‌ఫోర్స్ గారూ అందులో ఉన్నారు. దాని కోసం బ్రూమ్ గారు సంఘ పరిచర్యనే వదులుకున్నారు. పాదిరులమైన మాకు అదెంత కష్టమో తెలుసు.

చందాలు చాలలేదు. అప్పు దాదాపు 300 పౌండ్లకు చేరింది. హామీ ఉన్నది ఆయనే కనుక 1826లో ఆయన్నే చెరసాలలో వేశారు. విడిపించడానికి డబ్బు కూడగట్టినవారిలో చట్టం తెచ్చిన రిచర్డ్ మార్టిన్‌తో పాటు లూయిస్ గోంపెర్ట్జ్ అనే యూదుడూ ఉన్నారు. తర్వాత సొసైటీ భారం గోంపెర్ట్జ్ గారే మోశారు.

1837లో బ్రూమ్ గారు కన్నుమూశారు. మూడేళ్లకు విక్టోరియా రాణి సొసైటీకి రాజ గౌరవమిచ్చింది. ఆయన్ను మాత్రం పేరు రాసిన రాయి కూడా లేని సమాధిలో పాతిపెట్టారు.