ప్రసూతి వైద్య విద్యకు బాట వేసిన కర్నూలు బిడ్డ లక్ష్మణస్వామి మొదలియార్

కర్నూలు: ప్రసూతి శాస్త్రం అభ్యసించే వైద్య విద్యార్థులకు మొదలియార్ పేరు ఒక పాఠ్యగ్రంథం ద్వారా పరిచయం. ఉపాధ్యాయ శిక్షణ పొందేవారికి అదే పేరు మాధ్యమిక విద్యా కమిషన్ అధ్యక్షునిగా పరిచయం. ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని, ఆయన కర్నూలు పట్టణంలో జన్మించి ఇక్కడి మునిసిపల్ ఉన్నత పాఠశాలలో అక్షరాలు దిద్దినవారని ఎరిగినవారు నేడు కొద్దిమందే. ఆయనే డాక్టర్ ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్. సైనిక వైద్యాధికారుల అధీనంలో ఉన్న బోధనాసుపత్రిలో విద్యార్థిగా ప్రవేశించి, ఆ కళాశాలకే తొలి భారతీయ ప్రిన్సిపాల్‌గా ఎదిగిన ఘనత ఆయనది.

కవలల బాల్యం

లక్ష్మణస్వామి 1887 అక్టోబరు 14న తమిళ కుటుంబంలో జన్మించారు. ఆయనతోపాటు కవలగా పుట్టిన అన్నగారు రామస్వామి మొదలియార్. పురాణంలోని అన్నదమ్ముల పేర్లే ఈ కవలలకు పెట్టారు. నాడు కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో అంతర్భాగం. పాఠశాల విద్య ఇక్కడే ముగించుకున్న సోదరులిద్దరూ 1903లో పైచదువుల నిమిత్తం మద్రాసు చేరి క్రైస్తవ కళాశాలలో విద్యనభ్యసించారు. తదుపరి ఇరువురి మార్గాలూ వేరయ్యాయి. అన్న న్యాయవాద వృత్తి, రాజకీయాలు చేపట్టి మైసూరు సంస్థాన దివానుగానూ, 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి తొలి అధ్యక్షునిగానూ ఖ్యాతి గడించారు. తమ్ముడు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

సైనిక ఆసుపత్రి నుంచి వైద్య కళాశాల

ఆ కళాశాల చరిత్ర సైన్యంతో ముడివడి ఉన్నది. దానికి అనుబంధంగా ఉన్న జనరల్ ఆసుపత్రి 1664లో ఈస్టిండియా కంపెనీ సైనికుల చికిత్స కోసం సెయింట్ జార్జి కోటలో ప్రారంభమైంది. 1835లో నెలకొన్న వైద్య పాఠశాల సైతం తొలుత సైనిక వైద్య శాఖకు సహాయకులను తయారు చేయడానికి ఉద్దేశించినదే. కాలక్రమంలో అది కళాశాలగా మారి పౌరులకూ తలుపులు తెరిచింది. 1875లో మేరీ షార్లీబ్‌తో సహా నలుగురు మహిళలకు ప్రవేశం కల్పించింది.

విద్యార్థులు మారినా ఆచార్య పీఠాలు మాత్రం చిరకాలం సైనికాధికారుల చేతిలోనే ఉండిపోయాయి. ఇండియన్ మెడికల్ సర్వీసు (ఐఎంఎస్) ప్రాథమికంగా సైనిక వ్యవస్థ. అందులోని అధికారులు సైనిక హోదాలతోనే శాంతికాలంలో పౌర ఆసుపత్రులలో, వైద్య కళాశాలలలో పనిచేసేవారు. యుద్ధం వస్తే తిరిగి దళాలకు వెళ్లవలసి వచ్చేది. ముఖ్యమైన ఆచార్య పదవులు, పెద్దాసుపత్రుల సూపరింటెండెంట్ పదవులు చాలావరకు వారికే ప్రత్యేకించి ఉండేవి. 1855 నుంచి ఆ సర్వీసు పోటీ పరీక్ష భారతీయులకు అందుబాటులోకి వచ్చినా, పరీక్ష రాయడానికి లండన్ వెళ్లే స్తోమత ఎందరికి ఉంటుంది? స్థానిక సర్వీసులోని వైద్యుడు ఎంతటి ప్రతిభావంతుడైనా సహాయక స్థానానికి పరిమితం కావడం నాటి రివాజు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఐఎంఎస్ అధికారులు పెద్దసంఖ్యలో సైన్యానికి తరలిపోగా, పౌర ఆసుపత్రుల భారం భారతీయ వైద్యుల భుజాలపై పడింది. అవకాశం దక్కితే తాము ఎవరికీ తీసిపోమని వారు నిరూపించుకున్నది ఆ రోజులలోనే.

ఎగ్మోర్ ఆసుపత్రే కర్మభూమి

లక్ష్మణస్వామి ఎంచుకున్న రంగం ప్రసూతి, స్త్రీ వైద్యం. నాడు కాన్పు అనగానే స్త్రీకి పునర్జన్మ అన్న మాట అక్షరాలా నిజమయ్యేది. కాన్పులు అత్యధికం ఇళ్లలో మంత్రసానుల చేతులమీదుగానే జరిగేవి. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ పడకపోయినా, గుర్రపువాతం కమ్మినా ఆసుపత్రి చేరేసరికే ఆలస్యమయ్యేది. సూతికా జ్వరం పట్టుకుంటే అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. రక్తం ఎక్కించే సదుపాయమూ అంతంతమాత్రమే. ఇట్టి స్థితిలో తల్లి ప్రాణం వైద్యుని చేతి నేర్పుపైన, సకాలంలో తీసుకునే నిర్ణయంపైన ఆధారపడి ఉండేది.

ఆ నేర్పు పుస్తకం చదివితే వచ్చేది కాదు. అందుకు మద్రాసులో సరైన వేదిక ఎగ్మోర్ ప్రసూతి ఆసుపత్రి. 1844లో స్థాపితమై 1882లో ప్రస్తుత ఆవరణలోకి మారిన ఈ ఆసుపత్రి దేశంలోని తొలి ప్రసూతి ఆసుపత్రులలో ఒకటి. అక్కడే లక్ష్మణస్వామి పనిచేసి, బోధించి, సూపరింటెండెంట్ స్థాయికి చేరారు. గర్భిణి చేరిన క్షణం నుంచి పరీక్ష, నొప్పుల గమనం, కాన్పు, బాలింత సంరక్షణ వరకు రోగి పడక పక్కనే నిలిచి నేర్చుకునే క్లినికల్ బోధనకు ఆయన పెద్దపీట వేశారు.

పట్టాలకే ముప్పు తెచ్చిన లోటు

ప్రసూతి శిక్షణలోని లోటు అప్పటి భారతీయ వైద్య పట్టాల గౌరవానికే ఎసరు తెచ్చింది. మన విద్యార్థులు స్వయంగా నిర్వహించే కాన్పుల సంఖ్య చాలదని లండన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్ 1920వ దశకంలో అభ్యంతరం లేవనెత్తింది. తనిఖీల కోసం ప్రతినిధులను పంపింది. చివరకు 1930లో భారత వైద్య పట్టాలకు గుర్తింపును ఉపసంహరించింది. ఇది దేశంలోని వైద్యులలో తీవ్ర ఆగ్రహం కలిగించింది. విదేశీ మండలి దయాదాక్షిణ్యాలపై మన చదువులు ఆధారపడడమేమిటన్న వాదన బలపడి, 1933లో భారత వైద్య మండలి చట్టం వచ్చింది.

ఆగ్రహం న్యాయమైనదే. కానీ చట్టం చేసుకున్నంత మాత్రాన కాన్పుగదిలో శిక్షణ మెరుగుపడదు. ఆ లోటును ఇంటిలోనే పూడ్చుకోవాలి. లక్ష్మణస్వామి కృషి విలువ ఇక్కడే తేటతెల్లమవుతుంది. నాటి పాఠ్యగ్రంథాలు బ్రిటన్ స్త్రీల శరీర పరిమాణాలు, అక్కడి ఆసుపత్రుల అనుభవం ఆధారంగా వెలువడినవి. మన గర్భిణులలో ప్రబలంగా ఉన్న రక్తహీనత వంటి సమస్యలకు మన ఆసుపత్రుల అనుభవమే ప్రమాణం కావాలి. ఆయన రచించిన క్లినికల్ ఆబ్‌స్టెట్రిక్స్ గ్రంథం 1938లో వెలువడి ఆ కొరతను తీర్చింది. తదుపరి కాలంలో డాక్టర్ ఎం.కె.కృష్ణమీనన్ సహరచయితగా చేరడంతో అది మొదలియార్-మీనన్ గ్రంథంగా స్థిరపడింది. అనంతర తరాల వైద్యులు సవరించిన దాని ముద్రణలను హైదరాబాద్‌లోని యూనివర్సిటీస్ ప్రెస్ 21వ శతాబ్దంలోనూ ప్రచురించింది.

అంతకు రెండేళ్ల ముందు, 1936లో మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల ప్రసూతి వైద్య సంఘాలు కలిసి తొలి అఖిల భారత ప్రసూతి, స్త్రీ వైద్య మహాసభను మద్రాసులోనే నిర్వహించాయి. వేర్వేరు నగరాలలో విడివిడిగా పనిచేస్తున్న వైద్యులు తమ అనుభవాలను పంచుకునేందుకు అది నాంది పలికింది.

తొలి భారతీయ ప్రిన్సిపాల్

1939లో లక్ష్మణస్వామి మద్రాసు వైద్య కళాశాల ప్రిన్సిపాల్‌గా నియమితులయ్యారు. శతాబ్దానికి పైబడిన ఆ విద్యాసంస్థ చరిత్రలో ఒక భారతీయుడు ఆ పీఠం అధిష్ఠించడం అదే ప్రథమం. సైనిక హోదాల వారికే అలవాటైన ఆసనంలో ఒక ప్రసూతి వైద్యుడు ఆసీనుడు కావడం నాటి యువ వైద్యులకు కొత్త ధైర్యాన్నిచ్చింది. ఇండియన్ మెడికల్ సర్వీసు 1947లో అంతరించింది. అప్పటికే దాని స్థానాన్ని భర్తీ చేయగల బోధకులు దేశంలో సిద్ధంగా ఉన్నారంటే, అందుకు ఇటువంటివారి కృషే కారణం.

1942లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవి ఆయనను వరించింది. 1969 వరకు 27 ఏళ్లపాటు నిరవధికంగా ఆ బాధ్యత నిర్వర్తించడం అరుదైన విషయం. 1945లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ప్రదానం చేసింది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడడానికి పూర్వం రాయలసీమ కళాశాలలలో చదివిన పలువురికి పట్టాలిచ్చినది ఆయన సారథ్యంలోని విశ్వవిద్యాలయమే. 1952లో కేంద్ర ప్రభుత్వం నియమించిన మాధ్యమిక విద్యా కమిషన్‌కు ఆయన అధ్యక్షత వహించారు. బహుళార్థసాధక పాఠశాలల ఆలోచన ఆ కమిషన్ సిఫార్సులలోనిదే.

జిల్లా ఆసుపత్రిపై దృష్టి

ఆరోగ్య రంగంలో ఆయన చూపు కళాశాల గోడలు దాటింది. 1943లో ఏర్పాటైన భోర్ కమిటీలో ఆయన సభ్యులు. దేశంలో ఏటా సుమారు 2 లక్షల మంది స్త్రీలు గర్భధారణ, ప్రసవ సంబంధ కారణాలతో మరణిస్తున్నారని 1946లో ఆ కమిటీ అంచనా వేసింది. ఎగ్మోర్ వంటి పెద్దాసుపత్రి ఎన్ని ఉన్నా, వాటికి చేరలేని గ్రామీణ స్త్రీకి అవి అక్కరకు రావన్నది ఆ అంకె చెప్పిన సత్యం.

స్వాతంత్ర్యానంతరం 1959లో కేంద్రం నియమించిన ఆరోగ్య సర్వే, ప్రణాళికా సంఘానికి లక్ష్మణస్వామి అధ్యక్షులయ్యారు. మొదలియార్ కమిటీగా ప్రసిద్ధమైన ఈ సంఘం 1961లో నివేదిక సమర్పించింది. కొత్త కేంద్రాలు తెరవడానికి ముందు ఉన్నవాటిని పటిష్ఠపరచాలని, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధి 40 వేల జనాభాకు మించరాదని, జిల్లా ఆసుపత్రులలో నిపుణుల సేవలు అందుబాటులోకి తేవాలని సూచించింది. కష్టమైన కాన్పు ఎదురైతే రాజధానికి పరుగెత్తనవసరం లేకుండా జిల్లా కేంద్రంలోనే నిపుణుడు ఉండాలన్నది ఆ సిఫార్సుల అంతరార్థం.

అంతర్జాతీయ వేదికలపైనా ఆయనకు సముచిత గౌరవం లభించింది. 1948లో జెనీవాలో జరిగిన తొలి ప్రపంచ ఆరోగ్య మహాసభకు భారత ప్రతినిధి వర్గ ఉపనాయకునిగా హాజరయ్యారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యనిర్వాహక మండలికి అధ్యక్షులయ్యారు. 1961లో న్యూఢిల్లీలో జరిగిన 14వ ప్రపంచ ఆరోగ్య మహాసభకు అధ్యక్షత వహించారు. భారత ప్రభుత్వం 1954లో పద్మభూషణ్, 1963లో పద్మవిభూషణ్ పురస్కారాలతో సత్కరించింది.

చెరగని ముద్ర

1974 ఏప్రిల్ 15న, 86 ఏళ్ల వయసులో లక్ష్మణస్వామి మొదలియార్ కన్నుమూశారు. చెన్నై తరమణిలోని ప్రాథమిక వైద్య శాస్త్రాల స్నాతకోత్తర సంస్థ ఆయన పేరుతోనే నడుస్తున్నది. ఆయన జన్మస్థలమైన కర్నూలులోనూ 1956లో వైద్య కళాశాల వెలసింది. ఒకనాడు వైద్య విద్య కోసం ఈ పట్టణపు బాలుడు మద్రాసు వెళ్లవలసి వచ్చింది. నేడు ఇతర జిల్లాల విద్యార్థులు అదే విద్యకోసం కర్నూలు వస్తున్నారు. ఇక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ప్రసూతి విభాగంలో పడక పక్కన నిలిచి కాన్పు నేర్చుకుంటున్న ప్రతి విద్యార్థీ ఈ పట్టణంలోనే పుట్టిన ఆ పెద్దాయన పేరు ఒక్కసారైనా తలచుకోదగినది.