కర్ణీ సింగ్

డా. కర్ణీ సింగ్ (ఏప్రిల్ 21, 1924 - సెప్టెంబర్ 1988) భారతదేశానికి చెందిన ప్రముఖ షూటింగ్ క్రీడాకారుడు, పార్లమెంటు సభ్యుడు, బికనీర్ సంస్థానపు చివరి మహారాజు. ఐదు ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్న తొలి భారతీయుడు ఇతడే. రాజుల వేట వినోదంగా ఉన్న తుపాకీ విద్యకు భారతదేశంలో అంతర్జాతీయ క్రీడగా గుర్తింపు తెచ్చినవారిలో ఇతడు ముఖ్యుడు.

బాల్యం, విద్య

కర్ణీ సింగ్ రాజస్థాన్‌లోని బికనీర్ రాజవంశంలో జన్మించాడు. ఇతని తాత మహారాజా గంగా సింగ్, తండ్రి సాదుల్ సింగ్. ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలోను, బొంబాయిలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలోను చదివాడు. బికనీర్ రాజవంశానికి కేంద్ర ప్రభుత్వాలతో గల సంబంధాలపై పరిశోధన చేసి బొంబాయి విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

రాజకీయ జీవితం

1949లో బికనీర్ సంస్థానం రాజస్థాన్‌లో విలీనమైంది. 1950లో తండ్రి మరణానంతరం కర్ణీ సింగ్‌కు మహారాజా బిరుదు మాత్రమే సంక్రమించింది. 1952 నుండి 1977 వరకు బికనీర్ నియోజకవర్గం నుండి స్వతంత్ర సభ్యుడిగా లోక్‌సభకు ప్రాతినిధ్యం వహించాడు.

క్రీడా జీవితం

ఇతడు పోటీ చేసిన విభాగం ట్రాప్ షూటింగ్. ఇందులో క్రీడాకారుని ఎదుట ఉన్న కందకంలోని యంత్రం నుండి మట్టి బిళ్ళ వేగంగా దూరంగా ఎగిరిపోతుంది. అది ఏ దిశగా వెళ్ళేదీ ముందుగా తెలియదు. చిన్న సీసపు గుండ్లను వెదజల్లే తుపాకీతో క్షణకాలంలో దానిని పగులగొట్టాలి. వందల బిళ్ళలలో ఒకటి రెండు తప్పినా పతకం చేజారవచ్చు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో కర్ణీ సింగ్ 8వ స్థానం పొందాడు. 1962లో కైరోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సోవియట్ క్రీడాకారుడు జిమెంకోతో సమానంగా అగ్రస్థానంలో నిలిచాడు. విజేతను తేల్చడానికి జరిపిన అదనపు పోటీలో ఓడి రజత పతకంతో సరిపెట్టుకున్నాడు. అయినా షూటింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో భారతదేశానికి లభించిన తొలి పతకం అదే.

తరువాత 1964 టోక్యో, 1968 మెక్సికో, 1972 మ్యూనిచ్, 1980 మాస్కో ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. మాస్కో క్రీడల నాటికి ఇతని వయస్సు 56 సంవత్సరాలు. ఒలింపిక్ పతకం మాత్రం చివరి వరకు దక్కలేదు. 1974 టెహ్రాన్ ఆసియా క్రీడలలో వ్యక్తిగత రజతం గెలుచుకున్నాడు. జాతీయ ఛాంపియన్‌షిప్‌ను 17 సార్లు సాధించాడు.

పురస్కారాలు, స్మృతి

అర్జున అవార్డు ప్రారంభమైన 1961లోనే దానిని అందుకున్నాడు. షూటింగ్‌లో ఈ అవార్డు పొందిన మొదటి వ్యక్తి ఇతడే. ఇతని కుమార్తె రాజ్యశ్రీ కుమారి కూడా షూటింగ్‌లో 1968లో అర్జున అవార్డు పొందింది. తన ఒలింపిక్ అనుభవాలను కర్ణీ సింగ్ రోమ్ నుండి మాస్కో వరకు అనే అర్థం వచ్చే పేరుతో ఆంగ్లంలో గ్రంథస్థం చేశాడు.

1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలోని తుగ్లకాబాద్‌లో నిర్మించిన షూటింగ్ రేంజికి తరువాత ఇతని పేరు పెట్టారు. 2010 కామన్వెల్త్ క్రీడలలో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ నాలుగు స్వర్ణ పతకాలు గెలిచింది ఇక్కడే. షూటింగ్‌లో భారతదేశానికి తొలి ఒలింపిక్ పతకం 2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ ద్వారా లభించింది. అప్పటికి కర్ణీ సింగ్ మరణించి పదహారు సంవత్సరాలు గడిచాయి.