డౌటు అడిగిన దొర, మా ఊరి పక్క మాస్టారు

మాది శ్రీముఖలింగం. ఫస్టియర్‌లో ఓ ప్రెజెంటేషన్‌లో నేను ‘డిస్కస్ అబౌట్’ అన్నాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ రాకూడదట. ఆ తర్వాత నెల రోజులు క్లాసులో ఇంగ్లీషులో నోరు విప్పితే ఒట్టు. ఆ నెలలోనే లైబ్రరీలో గిడుగు వెంకట రామమూర్తి గారి గురించి చదివాను.

ఆయన పుట్టింది మా పక్కనే, పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. తండ్రి వీర్రాజు గారు అక్కడ ఠాణాలో రెవెన్యూ ఉద్యోగి. చోడవరం బదిలీ అయ్యాక 1875లో విషజ్వరంతో పోయారు. పన్నెండేళ్ల పిల్లాడు విజయనగరం వెళ్లి మహారాజా వారి ఇంగ్లీషు స్కూల్లో చదివాడు. అక్కడ తోటి విద్యార్థి గురజాడ అప్పారావు. (ఏం బ్యాచ్ అది!) 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చరిత్ర చెప్పే మాస్టారయ్యాడు.

మా గుడి గోడల మీది శాసనాలు మాకు చిన్నప్పట్నుంచీ వీపు ఆనించుకుని కూర్చునే రాళ్లే. ఆయన మాత్రం పాత లిపులు ఎవరి దగ్గరా పాఠం చెప్పించుకోకుండా, సొంతంగా నేర్చుకుని వాటిని చదివాడు. గాంగరాజుల కళింగనగరం మా ముఖలింగమేనని వాదించాడు. చుట్టుపక్కల కొండల్లో సవరలు మాట్లాడే భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. అదీ నేర్చుకున్నాడు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నాడు. మాటల ధ్వనులు పట్టుకునే మనిషికి చెవులు పోవడం! అయినా ఆపలేదు. ఆ భాష వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

అసలు కథ 1907లో మొదలైంది. యేట్స్ అనే ఇంగ్లీషు దొర మన జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకోబోతే, పుస్తకంలో చదివిన తెలుగు బజార్లో ఎవరి నోటా వినబడలేదు. ఇదేమిటని విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడ, గిడుగుల పేర్లు చెప్పాడు. మనం ‘హూ’ అనాలా ‘హూమ్’ అనాలా అని కొట్టుకుంటామే, సరిగ్గా అలాంటి డౌటే. కాకపోతే ఇక్కడ అడిగినవాడు దొర, చెప్పాల్సినవాళ్లు మనవాళ్లు.

గిడుగు ఈ ప్రశ్నను వదల్లేదు. ఇంగ్లీషు వాళ్లు ఇప్పుడు చాసర్ కాలం ఇంగ్లీషులో ఉత్తరాలు రాసుకోరు కదా. మరి తెలుగు పిల్లాడు ‘వచ్చాడు’ అని మాట్లాడి, పరీక్షలో ‘వచ్చెను’ అని ఎందుకు రాయాలి? 1911లో రిటైరయ్యాక ఇదే ఆయన పని. జయంతి రామయ్య పంతులు వంటి పెద్దలు ఎదురు నిలిచారు. ఈయన వాళ్లను తిట్టలేదు. వాళ్ల రాతలే తీసి, వాళ్లు పట్టుకున్న వ్యాకరణం ప్రకారమే ఎక్కడెక్కడ తప్పులున్నాయో చూపించాడు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అనే పుస్తకం నిండా అదే వైద్యం. నాకు భలే నచ్చింది. వెనక బెంచీ వాడు గుర్తొచ్చాడు మరి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఎలా పడితే అలా రాయొచ్చని ఆయన అనలేదు. వాడుక భాషకూ వ్యాకరణం ఉందన్నాడు. ఆ లెక్కన ‘డిస్కస్ అబౌట్’ కథ తేలాలంటే ఇంగ్లీషు వాళ్లు ఎలా మాట్లాడతారో వినాల్సిందే. విన్నాను. వాళ్లు ‘అబౌట్’ వాడటంలేదు. అంటే తప్పు నాదే, ఏటి చేస్తాం!

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు వదిలి, డెబ్భై దాటిన వయసులో ఆయన రాజమండ్రి చేరాడు. 1940 జనవరి 22న పోయాడు. ఆయన పుట్టినరోజే మనకు తెలుగు భాషా దినోత్సవం. పోయినేడు మన కాలేజీలో ఆ సభకు స్వాగతోపన్యాసం నేనే రాశాను. ‘విచ్చేసిన’ అన్న మాట మూడుసార్లు వాడాను. ఎవరూ నవ్వలేదు.