మరమ్మతుకు వచ్చిన నమూనా: జేమ్స్ వాట్ జీవితం

మరుగుతున్న కెటిల్ మూత ఎగిరిపడటం చూచి జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని కనిపెట్టాడని చిన్న తరగతులలో మనం చదువుకున్నాము. కథ ముచ్చటైనదే గాని, చరిత్ర వేరు. వాట్ పుట్టటానికి 24 సంవత్సరాల ముందే, 1712లో, థామస్ న్యూకొమెన్ అనే ఇనుప సామానుల వర్తకుడు గనులలోని నీటిని తోడే ఆవిరి యంత్రాన్ని నడిపి చూపాడు. వాట్ ఘనత మరొకటి. చెడిపోయిన ఒక చిన్న నమూనా యంత్రం మరమ్మతుకై ఆయన చేతికి వచ్చింది. దానిని సరిచేసి ఊరుకోక, అది ఎందుకు సరిగా నడవదని ఆయన ప్రశ్నించాడు. ఆయన జీవితంలో మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

వాట్ 1736 జనవరి 19న స్కాట్లండులోని గ్రీనాక్ రేవు పట్టణంలో జన్మించాడు. తరచు అస్వస్థతకు గురయ్యే ఆ బాలుడు తండ్రి పనిముట్ల మధ్యనే పెరిగాడు. 1755లో లండను వెళ్లి, గణిత పరికరాల తయారీని ఒక్క సంవత్సరంలో అభ్యసించాడు. తిరిగివచ్చి గ్లాస్గోలో అంగడి తెరవబోగా, ఏడేండ్ల శిష్యరికం లేదని అక్కడి లోహకారుల సంఘం అడ్డుచెప్పింది. ఊరు కాదన్న యువకునికి 1757లో గ్లాస్గో విశ్వవిద్యాలయం తన ఆవరణలోనే పని చేసుకొనుటకు ఒక గదినిచ్చింది.

1763 చలికాలంలో ఆచార్య జాన్ ఆండర్సన్ తరగతికి చెందిన న్యూకొమెన్ నమూనా ఆ గదికి వచ్చింది. అది అంతకుముందు లండనులో ఒక పరికరాల నిర్మాత వద్దకు కూడ వెళ్లి వచ్చినదే. సిలిండరు వ్యాసం సుమారు రెండంగుళాలు. వాట్ దానిని సరిచేయగా కదిలింది; కాని కొన్ని స్ట్రోకులకే ఆవిరి చాలక ఆగిపోయేది. బాయిలరు చూడటానికి సరిపడేంత పెద్దదే!

ఆ యంత్రంలో సిలిండరును ఆవిరితో నింపి, చన్నీళ్లు చిమ్ముతారు. ఆవిరి నీరై, లోపల శూన్యం ఏర్పడగా, బయటి గాలి ఒత్తిడి పిస్టనును క్రిందికి నెడుతుంది. ప్రతి స్ట్రోకుకూ సిలిండరు చల్లబడి, మరల వేడెక్కవలెను. వాట్ కొలిచి చూడగా, ఆవిరిలో అధికభాగం ఆ లోహాన్ని వేడిచేయటానికే ఖర్చవుతున్నదని తేలింది. చిన్న సిలిండరులో పరిమాణానికి గోడల వైశాల్యం ఎక్కువ. కనుక పెద్ద యంత్రాలలో మరుగుపడిన లోపం ఈ నమూనాలో బయటపడింది. కొద్దిపాటి ఆవిరి అంత నీటిని ఎలా వేడిచేయగలదన్న సందేహాన్ని ఆచార్య జోసెఫ్ బ్లాక్ గుప్తోష్ణ సిద్ధాంతంతో తీర్చాడు.

1765లో ఒక ఆదివారం గ్లాస్గో పచ్చికబయలులో నడుస్తుండగా ఉపాయం తట్టింది. ఆవిరిని సిలిండరులో గాక వేరొక పాత్రలో చల్లబరచాలి. అప్పుడు సిలిండరు ఎల్లప్పుడూ వేడిగాను, ఆ పాత్ర ఎల్లప్పుడూ చల్లగాను ఉంటాయి.

ఉపాయం తట్టినంత సులువుగా యంత్రం సిద్ధం కాలేదు. 1769లో పేటెంటు లభించినా, కుటుంబ పోషణకై ఆయన కాలువల సర్వే చేయవలసి వచ్చింది. 1773లో భార్య మరణించింది. 1775లో మాథ్యూ బోల్టన్ భాగస్వామి అయ్యాడు. జాన్ విల్కిన్సన్ సిలిండర్లను నునుపుగా తొలిచి ఇచ్చాడు. 1776లో కొత్త యంత్రాలు పనిలోనికి దిగాయి. పాత యంత్రాలకంటె వాటికి బొగ్గు ఎంతో తక్కువ పట్టింది.

ఆయనలో లోపాలు లేవనలేము. అధిక పీడనపు ఆవిరిని చివరివరకు ప్రమాదకరమనే తలచాడు. 1800 వరకు సాగిన పేటెంటు ఇతరుల ప్రయత్నాలకు ఆటంకమైంది. 1819 ఆగస్టు 25న ఆయన కన్నుమూశాడు. శక్తి ప్రమాణానికి ఆయన పేరు పెట్టగా, నేడు ప్రతి విద్యుద్దీపం మీదా అది కనిపిస్తుంది. ఆ నమూనాను గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియం భద్రపరచింది.

విద్యార్థి మిత్రులారా, ప్రయోగశాల బీరువాలో మూలపడిన పరికరాన్ని పారవేయక, ఒకసారి విప్పి చూడండి. కళాశాల పెద్దలకు మా మనవి ఒక్కటే: అలా విప్పి చూడగోరే విద్యార్థికి ఒక బల్ల, ఒక గది కల్పించండి. గ్లాస్గో విశ్వవిద్యాలయం వాట్‌కు తొలుత ఇచ్చినది అంతకు మించి లేదు.