సవరభాష నేర్చిన గురువు

నల్లగొండ జిల్లా దేవరకొండ తండాలలో, ఇంట లంబాడీ పలికే బిడ్డకు తొలి తెలుగు పాఠం ఎంత దుర్బోధమో, నేటి ఒడిశాలోని పర్లాకిమిడి కొండలలో సవర బిడ్డలకూ ఒకనాడు అంతే. ఆ చిక్కును గ్రహించిన ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి.

1863లో జన్మించిన ఆయన 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉద్యోగంలో చేరారు. సవరలకు చదువు చెప్పాలంటే ముందు తానే వారి భాష నేర్వాలని నిశ్చయించారు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొని ఏళ్ల తరబడి అభ్యసించారు. అడవులలో తిరిగినప్పుడు సోకిన జ్వరానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని హరించింది. భాషను చెవితో పట్టవలసిన వానికి ఇంతకన్న కష్టమేముంది! అయినా సవర వాచకాలు రచించి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు.

తెలుగు పిల్లలకూ వాడుకభాషలోనే పాఠాలుండాలని వాదించి, పండితుల నిరసనకు వెరవక 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించారు. 1940 జనవరి 22న మరణించారు.