ఆలన్ ట్యూరింగు

ఈ సంవత్సరము యాకుత్‌పురాలోని మన పాఠశాల కంప్యూటరు గదిలో నొక చిన్న కార్యము జరిగినది. అందలి పాత యంత్రమొకటి విండోసు అను ఆపరేటింగు సిస్టముతో నడచుచుండెను. దానిని తీసివేయకయే, ప్రక్కనే లినక్సు అను రెండవ సిస్టమును గూడ స్థాపింపవలెనని పదవ తరగతి విద్యార్థులు కోరిరి. లినక్సుకు వెల లేదు. తెలుగులో గూడ లభించును. అందుకై మన హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థవారు పాటుపడిరి. మార్కుల పట్టికలన్నియు నా యంత్రమునందే యుండుటచే మేము కొంత భయపడితిమి. కావున ముందుగా వానినన్నిటిని వేఱొక డిస్కులోనికి నకలు చేయించి, పిమ్మట హార్డుడిస్కులో విండోసు ఆక్రమించిన భాగమును కుదించి, ఖాళీయైన చోట పెన్‌డ్రైవునుండి లినక్సును ఎక్కించితిమి. ఇప్పుడు యంత్రమును ఆన్ చేయగానే తెరపై రెండు పేర్లు కనబడును, కోరినదానిని ఎన్నుకొనవచ్చును.

ఒక దేహమున రెండు మనస్సులెట్లుండునని ఎనిమిదవ తరగతి బాలుడొకడు మమ్మడిగెను. ఆ ప్రశ్నకు జవాబు 1936 లో నొక యువకుడు ప్రకటించిన వ్యాసమునందున్నది. అతని చరిత్రమునే యిచ్చట వ్రాయుచున్నాము.

ఆలన్ మాథిసన్ ట్యూరింగు 1912 వ సంవత్సరము జూను 23 వ తేదీన లండను నగరమున జన్మించెను. పుట్టుక అచ్చటనైనను ఆ కుటుంబమునకు మన దేశముతో గాఢమైన సంబంధము గలదు. తండ్రి జూలియస్ ట్యూరింగు ఒక పాదిరిగారి కుమారుడు. మదరాసు రాజధానిలో ఐ.సి.యస్. ఉద్యోగియై బళ్లారి, కర్నూలు, విశాఖపట్టణము జిల్లాలలో పనిచేసి తెలుగు నేర్చెను. తల్లి ఈథెల్ సారా పోదనూరున పుట్టినది. ఆమె తండ్రి స్టోనీ దొర మదరాసు రైల్వేకు ముఖ్య ఇంజనీరు; తుంగభద్రపై రైలు వంతెన కట్టించినవాడు. ఆలన్ పుట్టుటకు ముందు తలిదండ్రులు గంజాము జిల్లా ఛత్రపురమున నుండిరి.

మన యెండలు పిల్లలకు సరిపడవని తలంచి, ఆలన్‌ను, అతని అన్న జాన్‌ను ఇంగ్లండులో సముద్రతీరమునందలి యొక సైనికోద్యోగి కుటుంబమున విడిచి తలిదండ్రులు తిరిగి వచ్చిరి. శెలవులలో వారు పోయినప్పుడే పిల్లలకు దర్శనము. గల్ఫు దేశములలో కష్టించుచు బిడ్డలను బంధువుల యొద్ద విడిచిన తండ్రులు మన పేటలో పెక్కురు గలరు. వారికి మేమీ ముక్కను వివరింప నక్కఱలేదు.

1926 లో ఆలన్ షెర్బోర్న్ పాఠశాలలో చేరవలసిన దినముననే దేశమంతట సమ్మె జరిగి రైళ్లు నిలిచిపోయెను. పదునాలుగేండ్లయిన నిండని యా బాలుడు సౌతాంప్టన్ రేవునుండి సుమారు అఱువది మైళ్లు సైకిలుపై పోయి పాఠశాల చేరెను. అయినను ఉపాధ్యాయులకు అతడు ప్రియశిష్యుడు కాలేదు. దస్తూరి వంకర; పుస్తకములనిండ సిరామరకలు; లాటినునందు నిర్లక్ష్యము. కేవలము శాస్త్రజ్ఞుడే కాదలచినచో ఈ పాఠశాలలో కాలము వ్యర్థపుచ్చుచున్నాడని ప్రధానోపాధ్యాయుడు తలంచెను. ఈ భాగమును చదువునప్పుడు ఉపాధ్యాయులమైన మేము కొంచెము తల వంచుకొందుము.

అచ్చట అతనికి క్రిస్టఫర్ మోర్కం అను సహపాఠి ప్రాణస్నేహితుడయ్యెను. బాల్యమున రోగిష్ఠి యావు పాలవలన సోకిన క్షయచే ఆ బాలుడు 1930 ఫిబ్రవరిలో మరణించెను. దుఃఖితుడైన ఆలన్, మనస్సు దేహమున నెట్లు వసించును, దేహము పోయిన పిమ్మట నేమగును అని యాలోచించుచు మిత్రుని తల్లికి ఉత్తరములు వ్రాసెను. తరువాత ఆయనకు దేవునియందు విశ్వాసము నిలువలేదు. ఇది మిషను పాఠశాల పత్రికయని దానిని దాచుట మాకిష్టము లేదు.

1931 లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలయందు చేరి, 1935 లో నచ్చటనే ఫెలో యయ్యెను. మఱుసటి సంవత్సరమే పైన జెప్పిన వ్యాసము. పిండిమర పిండినే విసరును; కుట్టుమిషను గుడ్డనే కుట్టును. ట్యూరింగు ఊహించిన యంత్రమట్టిది కాదు. గడులుగల పొడవైన పట్టీపై గుర్తులను చదువుట, వ్రాయుట, చెఱుపుట, ఇంతియే దాని పని. కాని వేఱొక యంత్రము నడచు విధమునంతయు గుర్తులుగా వ్రాసి పట్టీపై నుంచినచో, అది యా యంత్రము చేయు పనినే చేయును. వ్రాత మారిన, యంత్రమే మారినట్లు. లెక్కయు, లెక్క చేయు విధానమును ఒకే పట్టీపై ఒకే లిపిలో నుండుట యిందలి మర్మము.

మన హార్డుడిస్కుపై విండోసు ఒక వ్రాత. లినక్సు మఱియొక వ్రాత. యంత్రము మేల్కొనగానే గ్రబ్ అను చిన్న వ్రాత ముందుగా నడచి, వీనిలో దేనిని చదువవలెనని మనలనడుగును. కావున నా బాలుడనుకొన్నట్లు రెండు మనస్సులు ఒక్కసారిగా మెలకువతో నుండవు. ఒకటి నడచునపుడు రెండవది బీరువాలో మూసియుంచిన పుస్తకమువలె నూరకుండును.

యుద్ధకాలమున ట్యూరింగు బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించుటకు, పోలండు గణితజ్ఞులు ముందు చేసిన కృషిని ఆధారముగా గొని, బాంబ్ అను యంత్రమును రూపొందించెను. ఆ పని బహుకాలము రహస్యముగా నుండెను. యుద్ధానంతరము నిజమైన కంప్యూటరునకు నమూనా సిద్ధపఱచెను. తనలోనే దాచుకొన్న ఆదేశములతో నడచు యంత్రము మొదట 1948 జూను 21 న మాంచెస్టరులో పనిచేసెను. ఆ సంవత్సరమే ఆయన యచ్చట చేరి, అక్కడి కంప్యూటరునకు ఆదేశములు వ్రాయువారికై యొక చేతిపుస్తకము రచించెను.

1952 లో, మఱియొక పురుషునితో సంబంధము కలదని ఆయనను కోర్టున నిలిపిరి. ఆనాటి యింగ్లీషు చట్టమున నది నేరము. చెఱసాలకు బదులు దేహమును మార్చు హార్మోను మందులకు ఒప్పించిరి. ప్రభుత్వపు రహస్యకార్యములనుండి తొలగించిరి. దేశమును కాచినవానిపై దేశము చూపిన యీ కఠినత్వమును మేము సమర్థింపజాలము. 1954 జూను 7 న, నలువదిరెండేండ్లు నిండకయే, విల్మ్‌స్లోలోని స్వగృహమున మరణించెను. తన ప్రాణము తానే తీసికొనెనని విచారణాధికారి నిర్ణయించెను. 2009 లో బ్రిటిషు ప్రధానమంత్రి క్షమాపణ చెప్పెను. 2013 లో రాణి క్షమాభిక్ష ప్రకటించెను. 2021 లో ఏబది పౌనుల నోటుపై ఆయన ముఖము ముద్రింపబడెను.

తల్లి ఇవి చూడలేదు. అయినను కుమారుడు పోయిన పిమ్మట ఆమె అతని పాఠశాల నివేదికలను, ఉత్తరములను, వ్యాసములను ఏర్చి కూర్చి, చిన్నతనమున తనకు దూరముగా పెరిగిన యా బిడ్డ జీవితచరిత్రను తానే వ్రాసి 1959 లో ప్రకటించెను.